పదియేండ్ల గడప

పింఛనన్న మాట వినగానే మన పట్టణవాసులకు కన్నుల గట్టునది కచ్చేరీ గుమాస్తా, హైస్కూలు పంతులు, రైల్వే గార్డు. మిల్లులో పనిచేయు కూలికిని, తెల్లవారక మునుపే వీధులూడ్చు స్త్రీకిని, జీడిపప్పు కర్మాగారమున వేళ్లు కాల్చుకొను తల్లికిని వర్తించు పింఛను పథకమొకటి కలదనియు, దానికి నెలనెలయు వారి పేర సొమ్ము జమ కావలసియున్నదనియు నెరిగినవారు పఠనమందిరమున గూర్చున్న పదిమందిలో నిద్దరుందురేమో! ఆ యిద్దరిలో నొకరు "అదంతయు సర్కారువారి దయ గదా!" యని తేల్చివేయుదురు. ఆ దయ యన్న మాటతోనే మాకు పేచీ.

అది దయ కాదు. 1971లో దేవకీనందన ప్రసాదు వ్యాజ్యమునందును, 1982 డిసెంబరు 17వ తేదీన నకారా వ్యాజ్యమునందును సుప్రీముకోర్టువారు పింఛను యజమాని తన యిష్టము చొప్పున విదల్చు భిక్ష కాదనియు, చేసిన సేవ వలన సంక్రమించు హక్కనియు తీర్పు చెప్పియున్నారు. ఆ తీర్పులు సర్కారు కొలువువారిని గూర్చినవి మాత్రమేయని మా వృత్తిలోని వారే కొందరు వాదింతురు. సరే, ఒప్పుకొందము. తన జీతము నుండి చిల్లిగవ్వయైనను కట్టని యానాటి సర్కారు ఉద్యోగి పింఛనే హక్కయినపుడు, తన పేరున నెలనెలయు కట్టిన సొమ్ము నుండి కూలివాడు పొందునది దయ యెట్లగును? వాని కూలిలో కొంత నేడు చేతికిచ్చి, కొంత వార్ధక్యమునకై యట్టిపెట్టినారు. అట్టిపెట్టిన కూలియే పింఛను. ఇంతకంటె వేరు రహస్యము దీనిలో లేదు.

ఆ యేర్పాటెట్టిదో చూతము. 1952లో ప్రావిడెంటు ఫండు చట్టము వచ్చినది. 1971లో కుటుంబ పింఛను చేరినది. 1995 నవంబరు 16వ తేదీ నుండి ఉద్యోగుల పింఛను పథకము నడచుచున్నది. యజమాని తన వంతుగా జీతములో నూటికి పండ్రెండు కట్టును, అందులో 8.33 పింఛను నిధికి పోవును. సర్కారు నూటికి 1.16 చేర్చును. జీతమెంతయున్నను 2014 సెప్టెంబరు 1వ తేదీ నుండి లెక్కకు వచ్చునది పదునైదు వేలు మాత్రమే. అనగా నెలకు 1,250 రూపాయలకు మించి యజమాని వంతు నిధికి చేరదు. ఇక పింఛను కట్టు సూత్రము: కడపటి అరువది నెలల సగటు జీతమును సేవ చేసిన యేండ్లతో గుణించి డెబ్బదితో భాగింపవలెను. ఎన్ని యేండ్లు పనిచేసిన నంత పింఛను. సూత్రము న్యాయముగనే యున్నది. ఎక్కువ చేసినవానికి ఎక్కువ, తక్కువ చేసినవానికి తక్కువ.

కాని యా సూత్రపు వాకిట నొక గడపను కట్టిరి. పదియేండ్ల సేవ నిండినగాని సూత్రము వర్తింపదు! ఆరు నెలలును అంతకు మించిన భాగమును ఏడుగా లెక్కింతురు గనుక తొమ్మిదిన్నర యేండ్లు చేసినవాడు గడప దాటును. తొమ్మిదేండ్ల అయిదు నెలలు చేసినవాడు వెలుపల నిలుచును. వెలుపల నిలిచినవాని గతి యేమి? కట్టిన సొమ్ము నొక పట్టిక ప్రకారము లెక్కగట్టి చేతిలో పెట్టుదురు. ఏడాది సేవకు ఇంచుమించుగ నొక నెల జీతము. దానిపై నేదో నామమాత్రము. నూటికి 8.33 చొప్పున పండ్రెండు నెలలు కట్టిన నొక నెల జీతమే యగును గదా! అనగా వాని సొమ్ము వానికిచ్చి, వడ్డీ విషయమున దాదాపు మౌనము వహించుచున్నారు. అదే కార్మికుని ప్రావిడెంటు ఫండు భాగమునకు 2024-25 సంవత్సరమునకు నూటికి 8.25 వడ్డీ ప్రకటించిరి. ఒకే యజమాని, ఒకే నెల, ఒకే చేతితో కట్టిన రెండు రొక్కములలో నొకటి పెరుగుచున్నది, ఒకటి నిద్రించుచున్నది.

అంకెలతో జెప్పినగాని మనవారికి కోపము రాదు. నెలకు పదునైదు వేల మీద తొమ్మిదేండ్లు పనిచేసినవాని పేర నిధికి చేరినది 1,35,000 రూపాయలు. వానికి దక్కునది ఆ మొత్తమును, మరి కొంచెమును. ఇంకొకడు పదియేండ్లు చేసినాడు. వానికి యేబదియెనిమిదవ యేట నుండి నెలకు 2,142 రూపాయలు బ్రతికినన్నాళ్లును వచ్చును. ఇరువదియేండ్లు బ్రతికిన నది అయిదు లక్షలు దాటును. వాడు పోయిన పిమ్మట భార్యకు సగము. ఈ రెండు బ్రతుకుల నడుమ నున్న భేదమొక్క యేటి పని! పరుల భూమిని పండ్రెండేండ్లు యథేచ్ఛగ ననుభవించినవానికి మన కాలపరిమితి శాసనము ఆ భూమినే కట్టబెట్టును. తన సొమ్మునే తొమ్మిదేండ్లు కట్టినవానికి పింఛనులో నణువైనను నిలువదు. ఆక్రమణదారునికున్న యోగము కూలికి లేకపోయెను.

ఇంకొక చిత్రము వినుడు. ఇదే పథకము ప్రకారము కొలువులో నుండగా కార్మికుడు మరణించిన యెడల, ఒక్క నెల చందా కట్టి యుండిన చాలును, వాని భార్యకు పింఛను వచ్చును. కాలుసేతులు పోయి శాశ్వతముగ నిరుపయోగియైన వానికిని ఒక్క నెల చాలును. ఈ రెండు నిబంధనలును మేము హృదయపూర్వకముగ కొనియాడుచున్నాము. తీసివేయుడని యెవడైన ననిన వానితో పోరాడుదుము. కాని చచ్చినవానికి ఒక్క నెలలో స్థిరపడు హక్కు బ్రతికి తొమ్మిదేండ్లు చెమటోడ్చినవానికి స్థిరపడకుండుట యే ధర్మశాస్త్రము? నిధి బరువు మోయలేదందురా, నెలనాళ్లకే వితంతువును పోషించు నిధికి తొమ్మిదేండ్ల కూలి యెందుకు భారమయ్యెను?

మరి ఈ శాసనములు చేయువారి మాట? 2004లో వారు తమ పింఛను శాసనమును సవరించుకొనిరి. అప్పటినుండి పార్లమెంటు సభ్యుడుగా నెంతకాలమున్నను, సభ అర్ధాంతరముగ రద్దయినను, మాజీ సభ్యునికి పింఛను కలదు. 2023 ఏప్రిలు 1వ తేదీ నుండి అది నెలకు 31,000 రూపాయలు. అయిదేండ్లకు మించిన ప్రతి యేటికిని 2,500 అదనము. ప్రజాప్రతినిధికి పింఛను కూడదని మేమనము. జీవితమంతయు ప్రజాసేవకర్పించి చేతిలో కాసులేక మరణించిన వారిని మేమెరుగుదుము. కాని తమకు గడప తీసివేసికొన్నవారు కూలి యింటి గడపను పది మెట్లెత్తున నట్లే నిలిపియుంచుట లోకము చూడదనుకొనిరా?

ఈ గడప వలన దెబ్బతినువారెవరు? ఒకే మిల్లులో ముప్పదియేండ్లు స్థిరముగ నుండు కార్మికునికి దీని యునికియే తెలియదు. దీనిని తాకి పడువారు కంట్రాక్టు కూలీలు, కాన్పులకు పని మానుకొను స్త్రీలు, ఊరు విడిచి యూరు పోవు వలసకూలీలు. మా యొద్దకు వచ్చిన యొక స్త్రీ యొకానొక పట్టణమున పదమూడేండ్లు వీధులూడ్చినది. వీధి మారలేదు, చీపురు మారలేదు, మేస్త్రీ మారలేదు. కంట్రాక్టరు మాత్రము నాలుగు మారులు మారినాడు. మారిన ప్రతిసారియు "ఇదిగో, నీ సొమ్ము వచ్చును, వ్రేలిముద్ర వేయుము" అని యొక కాగితము పెట్టినారు. వేసినది. కొలది వేలు వచ్చినవి. ఇంటి కప్పునకో, బిడ్డ జ్వరమునకో యైపోయినవి. అట్లు సొమ్ము వాపసు పుచ్చుకొన్న ప్రతిసారియు వెనుకటి సేవ తుడిచిపెట్టుకొని పోయినదని యామెకు చెప్పినవాడు లేడు. "పదమూడేండ్లు చేసినాను గదా బాబుగారూ, పింఛనెందుకు రాదు?" అని యామె యడిగిన ప్రశ్నకు కాగితముల ప్రకారము మేము చెప్పవలసిన జవాబు: "నీ సేవ నాలుగేండ్లమ్మా." చట్టము చదివిన నోటితో నట్టి జవాబు చెప్పుట యెంత కష్టమో చెప్పిననే తెలియును.

ఆ కాగితమునకు బదులు ఇంకొక కాగితమున్నది. దానిని సేవాపత్రము, అనగా స్కీము సర్టిఫికెట్టు, అందురు. సొమ్ము తీసికొనక ఆ పత్రము పుచ్చుకొనినచో వెనుకటి యేండ్లు చెక్కుచెదరక నిలుచును. క్రొత్త కొలువులోని యేండ్లు వానికి చేరును. నడుమ పని లేక ఖాళీగ నున్న నెలలు లెక్కకు రావు గాని, వెనుకటివానిని చెరుపవు. 2014 నుండి ప్రతి కార్మికునికిని కొలువు మారినను మారని యొక సంఖ్యను గూడ నిచ్చుచున్నారు. ఇది మంచి యేర్పాటు. కాని యే మేస్త్రీ యీ సంగతి చెప్పును? యే కంట్రాక్టరు చెప్పును? వాపసు కాగితమొక్కటే వారి సంచిలో నుండును.

అమెరికా కార్మికసంఘముల పింఛను చరిత్ర చదివినవారికి ఈ గడప కథ క్రొత్త కాదు. అచ్చట చికాగో నగరమున నొక లారీ డ్రైవరు ఇరువది రెండేండ్లకు పైగా బండి నడిపి, 1973లో కంటిచూపు మందగించి పని మానుకొని, సంఘపు పింఛనడిగెను. ఇరువది యేండ్లు తెంపులేని సేవ కావలెనని సంఘపు నిధి నిబంధన. 1960 డిసెంబరు నుండి కొలది నెలలు వానికి పని లేకపోయెను. పిమ్మట మరి మూడు నెలలు, పని చేసినను, యజమాని లెక్కల గుమాస్తా సొమ్ము హరించుట చేత చందా జమ కాలేదు. ఆ యేడు నెలల తెంపు చాలును, పింఛను లేదనిరి! వాడు సుప్రీముకోర్టు దాక పోయెను. సంఘపు పింఛను అమ్మకపు పత్రముల శాసనము క్రిందికి రాదని 1979లో కోర్టువారు త్రోసివేసిరి. అంతకు మునుపే, 1963 డిసెంబరులో, సౌత్ బెండ్ నగరమున స్టూడిబేకరు మోటారు కర్మాగారము మూతపడినది. అరువదియేండ్లు నిండిన సుమారు 3,600 మందికి పూర్తి పింఛను దక్కెను. నలువదికిని అరువదికిని నడుమ వయసు గలిగి పదియేండ్లు సేవచేసిన సుమారు 4,000 మందికి రూపాయికి రెండణాల పైచిలుకు, అనగా నూటికి పదునైదు వంతున, దక్కెను. మిగిలిన 2,900 మందికి సున్న.

ఆ దేశస్థులు ఈ యన్యాయములు చూచి యూరకుండలేదు. 1974 సెప్టెంబరు 2వ తేదీన, వారి కార్మికదినమున, పింఛనుల శాసనము నొకదానిని గావించిరి. ఏడాదిలో వేయి గంటలు పనిచేసినవానికి దాని ప్రకారము ఒక యేడు సేవ జమ కట్టవలెను. పదియేండ్లలో హక్కు స్థిరపడవలెనని తొలుత ననిరి. అదియు నెక్కువయని 1986 నాటి శాసనముతో ఒంటి యజమాని పింఛనులకు గడపను సాధారణముగ అయిదేండ్లకు దించిరి. పలువురు యజమానులు కలిసి కట్టు సంఘపు పింఛనులకు 1996లో అట్లే దించిరి. పెట్టుబడిదారుల స్వర్గమని పేరువడిన దేశము గడపను సగమునకు తగ్గించుకొన్నది. రాజ్యాంగ పీఠికలో సామ్యవాదమని వ్రాసికొన్న మనము 1995లో పదియని వ్రాసి నేటికిని అక్కడనే యున్నాము.

ఒక విషయమున మాత్రము మన పథకము మిన్న. సేవాకాలమనగా చందా వచ్చినది మాత్రమే కాదు, "రావలసినది" కూడ నని మన పథకము నిర్వచనములోనే యున్నది. చికాగో డ్రైవరు మన దేశమున నుండియుండిన, గుమాస్తా దొంగతనము వాని మెడకు చుట్టుకొని యుండెడిది కాదు. కంట్రాక్టరు కూలి నుండి కోసికొని కట్టకపోయినను ఆ నెలలు కూలివాని సేవలో చేరవలసినవే. ఈ యొక్క మాటను మన కార్మిక కార్యకర్తలు గోడల మీద వ్రాయింపవలెను. అట్లే చెఱకు ఫ్యాక్టరీ వంటి చోట్ల పంటకాలములో మాత్రము పనిచేయు వారికి ఆ కొద్దినెలలే ఒక పూర్తి యేడుగా లెక్కింపవలెనని గూడ పథకమున నున్నది. ఋతువును బట్టి పని యాగిపోవుట కూలి తప్పు కాదని గ్రహించిన శాసనకర్తకు, టెండరును బట్టి పని యాగిపోవుట గూడ కూలి తప్పు కాదని యేల తోపలేదు?

ఎదుటి పక్షపు వాదము లేకపోలేదు. చిన్న చిన్న పింఛనులు లక్షలుగ పుట్టుకొనివచ్చిన నిధికి లెక్కల ఖర్చే తలకు మించిపోవునని గణకులందురు. మూడేండ్ల సేవకు పదునైదు వేల మీద వచ్చునది నెలకు 642 రూపాయలే. కనీస పింఛను వేయి రూపాయలని 2014లో నిర్ణయించిరి గనుక మిగిలినది సర్కారు భరింపవలసి వచ్చునందురు. ఈ వాదమున బలము లేదని మేమనము. కాని అయిదేండ్ల లెక్క వేసి చూడుడు: నెలకు 1,071 రూపాయలు. కనీస పింఛను మట్టమును ఆ జీతపు కూలి తన సేవతోనే దాటినాడు. సర్కారు చేర్చవలసినది కానియైనను లేదు. అంతకు తక్కువ జీతమువారికి కనీస పింఛను వర్తింపజేయక, సూత్రము ప్రకారము వచ్చినదే యియ్యుడు. మూడువందలైనను నాలుగువందలైనను వానిదే. లెక్కల ఖర్చందురా, చేతి సంచిలోని యంత్రముతో వీధి చివర పకోడీలవాడు పదిరూపాయలు పుచ్చుకొను కాలమున ఆ మాట చెల్లదు.

ఇక కూలివాడే సొమ్ము తీసికొనిపోవుచున్నాడు, మేమేమి చేయుదుమను మాట. ఇందులోను కొంత నిజము కలదు. ఆరు నెలలు నిండనివానికి వాపసు గూడ లేని స్థితి 2024 జూను వరకు నుండెను. ఆ కారణమున నొక్క సంవత్సరములో సుమారు 7 లక్షల దరఖాస్తులు త్రోసివేసితిమని సర్కారువారే యా నెలలో ప్రకటించి, నిబంధన సవరించిరి. సవరణ మంచిదే. పిమ్మట 2025 అక్టోబరు 13వ తేదీన కేంద్ర ధర్మకర్తల మండలివారు, పని పోయిన రెండు నెలలకు పింఛను సొమ్ము వాపసిచ్చు పద్ధతి మార్చి, ముప్పదియారు నెలలు ఆగవలెనని నిశ్చయించిరి. కూలి తొందరపడి పింఛను పోగొట్టుకొనకుండుటకేనని కారణము చెప్పిరి. అయ్యా! పింఛను కావలెనన్న గడప పదియేండ్లు, వాపసు కావలెనన్న కాపలా మూడేండ్లు! వెనుకకు పోవు తలుపు బిగించువారు ముందుకు పోవు తలుపు తెరువవలదా? ఆకలిగొన్నవాని చేయి పట్టుకొని "నీ మేలు కొరకే" యనువారు వానికి అన్నమెప్పుడో గూడ చెప్పవలెను.

గడప దించుట సాధ్యమేయని సర్కారువారే యింకొక చోట నిరూపించిరి. 1972 గ్రాట్యుటీ చట్టము అయిదేండ్ల సేవ నడిగెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినపుడు, గడువు కుదుర్చుకొని చేరిన యుద్యోగికి ఆ యైదేండ్ల నియమము తీసివేసి, ఒక యేటి సేవకే గ్రాట్యుటీ యన్నారు. గ్రాట్యుటీ విషయమున అయిదు ఒకటియైనపుడు, పింఛను విషయమున పది అయిదు కాగూడదా? మేము కోరునది యింతే: అయిదేండ్లకు హక్కు స్థిరపడవలెను, కంట్రాక్టరు మారినను పని మారని కూలి సేవ తెగనట్లు లెక్కింపవలెను, సేవాపత్రపు సంగతి కూలి భాషలో చదివి వినిపింపనిదే వాపసు కాగితముపై వేయించిన వ్రేలిముద్ర చెల్లగూడదు.

కార్మిక సంఘముల నాయకులకు నొక మాట. బరంపురపు వరాహగిరి వెంకటగిరిగారు 1928లో బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను నడిపించినది పని నుండి తొలగింపబడినవారి కొరకు. నేడు మన సంఘములు స్థిరోద్యోగుల బోనసు కొరకు జెండా లెత్తుచున్నవి. తొలగింపబడినవాడు సభ్యుడు కాడని జాబితాలో నుండి పేరు కొట్టివేయుచున్నవి. సేవాకాలపు లెక్క వ్రాసి పెట్టుకొను పుస్తకమొకటి యెన్ని సంఘ కార్యాలయములందున్నది? చందా రసీదు పుస్తకములు మాత్రమంతటను కలవు.

పాఠకులారా, ఢిల్లీ దూరమని మీరందురేమో. మీ వీధి యూడ్చునది ఢిల్లీ కాదు. ఆమె కూలి బిల్లు మీ మునిసిపల్ కచ్చేరీలో పాసగుచున్నది. కంట్రాక్టరు కట్టనిచో పని యిప్పించుకొన్న ప్రధాన యజమానియే చందాకు పూచీయని 1952 చట్టము కాలముననే నిర్ణయమైనది. ప్రతి కూలి పేరునను వెనుకటి నెల చందా కట్టిన రసీదు చూపినగాని కంట్రాక్టరు బిల్లు చెల్లింపరాదనియు, కంట్రాక్టరు మారినపుడు కూలీలందరి సేవాపత్రములు క్రొత్తవానికి అప్పగింపవలెననియు టెండరు షరతులలో రెండు వాక్యములు చేర్చుటకు పార్లమెంటు శాసనమక్కరలేదు. మీ వార్డు సభ్యుని చేత నొక తీర్మానము పెట్టింపుడు. అదియు వచ్చు టెండరు పిలుచుటకు ముందే పెట్టింపుడు. పిలిచిన పిమ్మట షరతులు మార్చుటకు వీలుండదని మొట్టమొదట మీకు చెప్పువాడు ఆ కంట్రాక్టరే.